కాలి మీద గడ్డ తీయిస్తే ఫంగస్ అని రిపోర్టు వచ్చింది (కిడ్నీ మార్పిడి అయిన మనిషి), తెలిసినవాళ్ళు కాస్త చూడండి

కవిటి_కుర్రోడు | ఆదివారం రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మాది ఉద్దానం, మా వైపు కిడ్నీల గొడవ మీకు తెలిసిందే. మా అన్నయ్యకి వైజాగ్‌లో ట్రాన్స్‌ప్లాంట్ అయ్యి రెండేళ్ళు దాటింది, కిడ్నీ మా అమ్మే ఇచ్చింది. టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, స్టిరాయిడ్ బిళ్ళ చిన్న డోసు, ఇవీ కొత్త కిడ్నీని ఒళ్ళు తోసెయ్యకుండా వాడే మందులు. క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తందో చెప్పే రక్త పరీక్ష) 1.2 దగ్గర నిలబడింది, మనిషి బాగానే ఉన్నాడు, జీడి తోట పని కూడా మెల్లమెల్లగా చూసుకుంటన్నాడు.

కొన్ని నెలల కిందట కుడికాలి చీలమండ పైన చిన్న గడ్డ లేచింది. నొప్పి లేదు జొరం లేదు ఎరుపు కూడా లేదు, అందుకే ఇంట్లో ఎవరం పెద్దగా పట్టించుకోలేదు, అది పెరిగీ పెరిగీ నిమ్మకాయంత అయ్యింది. ఊళ్ళో ఆర్‌ఎంపీ సూది గుచ్చి లాగితే గోధుమ రంగు చీము వచ్చింది. యాంటీబయాటిక్ ఇచ్చాడు, తగ్గినట్టే తగ్గి మళ్ళీ నిండిపోయింది. తర్వాత టౌన్లో సర్జన్ కొవ్వు గడ్డ అయ్యుంటది అని కోసి తీసేసి బయాప్సీకి పంపాడు. రిపోర్టులో ఫియోహైఫోమైకోసిస్ అని రాశారు, కింద గోధుమ రంగు ఫంగస్ దారాలు కనపడ్డాయి అని ఉంది.

స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్తే ఇట్రాకొనజోల్ (ఫంగస్ మందు) 200 పొద్దున ఒకటి రాత్రి ఒకటి రాశారు, నెలల తరబడి వాడాలన్నారు. నెట్‌లో చూస్తే నల్ల ఫంగస్ అని వస్తంది, ఇంట్లో అందరూ కరోనాలో వచ్చిన బ్లాక్ ఫంగస్ అనుకుని ఒకటే ఏడుపు. ఇది అదేనా? కాలు తీసేస్తారా? మందు మొదలెట్టి వారం పైనే అయ్యింది, అన్నయ్యకి చేతులు వణుకుతున్నాయి, నిద్ర కూడా పట్టట్లేదు, భయానికి అనుకుంటన్నాం. ఏటి చెయ్యాలో తెలీట్లేదు.

మందులషాపు_మూర్తి | ఆదివారం రాత్రి 9:58

ఫంగస్ సంగతి తర్వాత. చేతులు వణుకుతున్నాయి అన్నారు కదా, ఈ ఇట్రాకొనజోల్ సంగతి ట్రాన్స్‌ప్లాంట్ డాక్టర్‌కి చెప్పారా? టాక్రో డోసు తగ్గించారా?

కవిటి_కుర్రోడు | ఆదివారం రాత్రి 10:03

లేదండి. స్కిన్ డాక్టర్‌కి కిడ్నీ మార్పిడి అయ్యిందని చెప్పాం, కిడ్నీకి ఏం కాదు, ఇది సేఫే అన్నారు. నెఫ్రాలజీ చెకప్ వచ్చే నెల ఉంది, అప్పుడు చెబుదామని.

మందులషాపు_మూర్తి | ఆదివారం రాత్రి 10:15

వచ్చే నెల దాకా ఆగొద్దు బాబూ, ఈ రాత్రికే మీ ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్ నంబర్‌కి ఫోన్ కొట్టండి. టాక్రోని మన ఒంట్లో విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటి ఉంది, ఈ "అజోల్" మందులన్నీ దాన్ని ఆపేస్తాయి, అంటే మీ అన్న రోజూ మింగే అదే డోసు ఒంట్లో పేరుకుపోతా ఉంటది. చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, తలనొప్పి, బీపీ పెరగడం ఇవన్నీ టాక్రో ఎక్కువైనప్పుడు కనపడేవే, దానికి తోడు కొత్త కిడ్నీని కూడా దెబ్బ కొడుతుంది. వొరికొనజోల్ అయితే మొదలెట్టిన రోజే టాక్రో మూడో వంతుకి తగ్గించమని మందుతో వచ్చే కాగితంలోనే రాసి ఉంటది. ఇట్రాకి మనిషిని బట్టి మారుతుంది కాబట్టి రక్తంలో టాక్రో లెవెల్ చూసే మార్చాలి.

మీ అంతట మీరు ఏదీ ఆపొద్దు, తగ్గించొద్దు, వాళ్ళు చెప్పినట్టే. పొద్దున లెవెల్ టెస్టుకి వెళ్ళేటప్పుడు పొద్దుటి టాక్రో బిళ్ళ వేసుకోకుండా వెళ్ళాలి, రాత్రి డోసుకి పన్నెండు గంటల తర్వాత రక్తం తియ్యాలి, బిళ్ళ జేబులో పెట్టుకుని రక్తం ఇచ్చాక వేసుకోమనండి. చాలామంది వేసేసుకుని వెళ్ళి తప్పుడు లెవెల్ తెచ్చుకుంటారు.

అమ్మ_కిడ్నీ_నాలో | ఆదివారం రాత్రి 10:31

మూర్తి గారు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. నాదీ ట్రాన్స్‌ప్లాంటే, కర్నూలు. మా ఫ్రెండ్ ఒకాయనకి తామరకి ఇట్లాగే బిళ్ళలు రాసినారు, టాక్రో ఎక్కడికో పోయింది, అడ్మిట్ కావాల్సి వచ్చింది. ఏ డాక్టర్ ఏం రాసినా సరే, పంటి డాక్టర్ రాసినా సరే, ఫస్ట్ ఫొటో తీసి మా నెఫ్రాలజీ వాట్సాప్‌కి పెట్టి వాళ్ళు సరే అన్నాకే మింగేది. ఇదొక్కటి పాటించప్పా.

మైక్రోమేడమ్ | సోమవారం ఉదయం 6:20

నేను మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ. ముందు పెద్ద భయం తీసేస్తా: ఇది 2021 బ్లాక్ ఫంగస్ కాదు. అది మ్యూకర్, షుగర్ కంట్రోల్‌లో లేనివాళ్ళకీ స్టిరాయిడ్లు ఎక్కువ పడ్డవాళ్ళకీ ముక్కులోంచి సైనస్‌లోకి, కంట్లోకి, మెదడులోకి రోజుల్లో పాకేది. అది రక్తనాళాల్లోకి దూరి వాటిని మూసేస్తుంది, రక్తం అందక చచ్చిన కండ నల్లగా అవుతుంది, నలుపు ఆ చచ్చిన కండదే, ఆ ఫంగస్‌కి నల్ల రంగేమీ లేదు. మీ అన్నయ్యకి వచ్చిన గుంపు వేరు, వీటి గోడల్లోనే మెలనిన్ ఉంటుంది, మన చర్మానికి రంగిచ్చే పదార్థం లాంటిదే. మన తెల్లకణాలు వదిలే విషాల నుంచి ఆ మెలనిన్ వాటిని కాపాడుతుంది కాబట్టి ఇమ్యూనిటీ తగ్గిన ఒంట్లో నెమ్మదిగా, నొప్పి లేకుండా, నెలల తరబడి కూర్చుంటాయి. మీరు చెప్పిన కథ అచ్చం అదే.

ఇవి మట్టిలో, ఎండుకొమ్మల్లో, కుళ్ళిన కట్టెలో ఉంటాయి. ముల్లు గుచ్చుకున్నప్పుడో పుల్ల గీరుకున్నప్పుడో లోపలికి వెళ్తాయి, గుచ్చుకున్న సంగతి మనిషికి గుర్తు కూడా ఉండదు. దక్షిణాదిలో ట్రాన్స్‌ప్లాంట్ అయినవాళ్ళ కాళ్ళ మీదా చేతుల మీదా ఇలాంటి గడ్డలు మేం చూస్తూనే ఉంటాం, అందులోనూ మెడికాప్సిస్ రోమెరోయ్ అనే ఒకటి మన దగ్గర తరచుగా దొరుకుతుంది.

కాలు తీసేయడం లాంటివి మామూలుగా ఉండవు. ఒకే చోట ఉన్న గడ్డని పూర్తిగా కోసి తీసేసి దాంతో పాటు మందు వాడితే ఎక్కువమందికి తగ్గిపోతుంది. చూడాల్సింది రెండు, గడ్డ మొత్తం వచ్చిందా లేదా, ఇంకెక్కడన్నా ఉందా. ఆ చోట అల్ట్రాసౌండ్ చేయించండి. తలనొప్పి, ఫిట్స్, ఒక పక్క బలం తగ్గడం ఉంటే మాత్రం వెంటనే తల స్కాన్, ఎందుకంటే ఈ నల్ల గుంపులోనే క్లాడోఫియలోఫోరా బాంటియానా అనేది ఒకటుంది, అది మెదడులో గడ్డ కడుతుంది, ప్రపంచంలో రిపోర్టయిన కేసుల్లో మన దేశానివే చాలా ఎక్కువ. మీ అన్నయ్యకి అదని అనట్లేదు, లక్షణాలు తెలిసి ఉంటే మంచిదని.

ఇప్పుడు నా ప్రశ్న. తీసిన గడ్డని కల్చర్‌కి పంపారా?

కవిటి_కుర్రోడు | సోమవారం ఉదయం 7:05

మేడమ్ రాత్రే ఫోన్ చేశాం, పొద్దున్నే రమ్మన్నారు, ఇప్పుడు బస్సులో ఉన్నాం. కల్చర్ అంటే తెలీదు మేడమ్. గడ్డ మొత్తం ఒక డబ్బాలో నీళ్ళలాంటి మందులో వేసి ఇచ్చారు, ఘాటు వాసన, ల్యాబుకి నేనే తీసుకెళ్ళి ఇచ్చాను.

మైక్రోమేడమ్ | సోమవారం ఉదయం 7:19

అది ఫార్మలిన్. అందులో పడ్డాక ఫంగస్ చచ్చిపోతుంది, ఇక కల్చర్‌లో, అంటే ల్యాబులో పెంచి చూద్దామన్నా, మొలవదు. మా ల్యాబులో ప్రతి నెలా జరిగే గొడవే ఇది, నాకు బీపీ పెరిగేది కూడా దీనికే. గడ్డ తీసేటప్పుడు ఒక ముక్క ఫార్మలిన్‌లో పాథాలజీకి, ఇంకో ముక్క స్టెరైల్ డబ్బాలో కాస్త నార్మల్ సెలైన్ పోసి మైక్రోబయాలజీకి పంపాలి, అంతే పని. బయాప్సీ చూసి "ఫంగస్ ఉంది, రంగు గోధుమ, దారాల లోపల అడ్డగోడలున్నాయి" అని చెప్పగలం, ఏ ఫంగసో పేరు చెప్పాలంటే కల్చరో జీన్ పరీక్షో కావాలి, పేరు తెలిస్తే ఏ మందు పని చేస్తుందో ఒక అంచనా వస్తుంది.

ఇప్పుడు చెయ్యగలిగింది: పాథాలజీ వాళ్ళ దగ్గర మైనపు బ్లాకు ఉంటుంది, దాన్ని పారెయ్యొద్దని చెప్పి అడిగి తెచ్చుకోండి, అది మీ హక్కు. అందులోంచి కూడా జీన్ పరీక్ష చెయ్యొచ్చు గానీ ఫార్మలిన్ వల్ల కొన్నిసార్లు ఫలితం రాదు. అల్ట్రాసౌండ్‌లో చీము ఇంకా మిగిలి ఉందని తేలితే అదృష్టమే అనుకోండి (నా మాట వింతగా ఉన్నా సరే), సూదితో లాగి నేరుగా మాకు పంపొచ్చు.

ప్రకృతి_ఆరోగ్యం | సోమవారం ఉదయం 8:40

ఇన్ని ఇంగ్లీషు మందులు ఎందుకండీ, ఒంట్లో రోగనిరోధక శక్తి పెంచితే ఫంగస్ దానంతటదే పోతుంది. తిప్పతీగ రసం పరగడుపున, పసుపు వేపాకు నూరి గడ్డ మీద కట్టు. మా పెదనాన్న గారికి సెగ్గడ్డ ఇలాగే పోయింది.

అమ్మ_కిడ్నీ_నాలో | సోమవారం ఉదయం 8:47

అయ్యా నీకు దండం పెడతా. మాకు రోగనిరోధక శక్తి తగ్గించడానికే లక్షలు పెట్టి మందులు మింగుతాండాం. అది పెరిగితే ఫంగస్ కంటే ముందు మా అమ్మ ఇచ్చిన కిడ్నీ పోతుంది.

మందులషాపు_మూర్తి | సోమవారం ఉదయం 9:02

తిప్పతీగ వల్ల లివర్ దెబ్బతిన్న కేసులు కరోనా టైములో మన దేశంలోనే డాక్టర్లు రిపోర్టు చేశారు. అజోల్ మందులు కూడా లివర్ మీద పని చేసేవే, రెండూ కలిస్తే చెప్పక్కర్లేదు. ఇంకోటి, ఉద్దానం కుర్రోడికి పనికొచ్చేది: పంపరపనస కూడా టాక్రో లెవెల్ పెంచుతుంది, గ్రేప్‌ఫ్రూట్ అయితే అసలే వద్దంటారు. మీ వైపు పెరట్లో చెట్లుంటాయి కదా, సీజన్లో అన్నని కాస్త దూరంగా ఉంచండి.

మోడరేటర్_సుజాత | సోమవారం ఉదయం 9:10

ప్రకృతి_ఆరోగ్యం గారూ, ఈ విభాగంలో అవయవ మార్పిడి, కేన్సర్, హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళు చదువుతారు, చిట్కాలు ఇక్కడ వద్దు. మిగతావాళ్ళకి కూడా, ఇక్కడ డోసులు చూసి ఎవరూ మందులు మార్చుకోకండి. టాపిక్ ఉపయోగంగా ఉంది, ఇలాంటి అరుదైన ఫంగస్ అనుభవాలు ఉన్నవాళ్ళు ఇదే థ్రెడ్‌లో రాయండి, పైన పిన్ చేస్తున్నా.

ఫీనిక్స్_వాసు | సోమవారం ఉదయం 10:26

పిన్ చేశారు కాబట్టి మా నాన్న కథ రాస్తా, కొంచెం పొడుగు. నాన్నకి కీళ్ళవాతం, మెథోట్రెక్సేట్‌తో పాటు అడాలిముమాబ్ ఇంజెక్షన్లు పడుతున్నాయి. మా పాప పుట్టినప్పుడు అమ్మానాన్న ఆరిజోనా వచ్చి ఉండి వెళ్ళారు, ఆ వేసవిలో ఇక్కడ పెద్ద దుమ్ము తుఫాన్లు, నాన్న రోజూ సాయంత్రం వాకింగ్‌కి పోయేవాడు. విజయవాడ వెళ్ళాక దగ్గు, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, ఎక్స్‌రేలో మచ్చ. అందరికీ టీబీ అనే అనిపించింది, కళ్ళెలో టీబీ క్రిమి కనపడకపోయినా సరే మందులు మొదలెట్టేశారు. తగ్గలా. మొహం మీద కురుపులు కూడా లేచాయి.

ఇక్కడ మా ఫ్యామిలీ డాక్టర్‌కి మాటల్లో చెప్తే ఆమె వెంటనే వ్యాలీ ఫీవర్ టెస్టు చేయించారా అని అడిగింది. కాక్సిడియాయిడిస్ అని ఈ ఎడారి మట్టిలో ఉండే ఫంగస్ అంట, అమెరికాలో వచ్చే కేసుల్లో ఆరిజోనా, కాలిఫోర్నియావే దాదాపు అన్నీ. మామూలు మనిషికి జలుబులా వచ్చి పోతుంది, చాలామందికి వచ్చిన సంగతే తెలీదు, ఇమ్యూనిటీ తగ్గించే ఇంజెక్షన్లు వాడేవాళ్ళకి మాత్రం ఊపిరితిత్తుల నుంచి చర్మానికి, ఎముకలకి, మెదడు పొరలకి పాకుతుంది. నాన్నకి కురుపు బయాప్సీలో అదే తేలింది. ఇంజెక్షన్ ఆపారు, ఫ్లూకొనజోల్ పెట్టారు, ఇప్పుడు తిరుగుతున్నాడు, కానీ మందు ఎన్నాళ్ళో చెప్పట్లేదు.

ఫీనిక్స్, చాండ్లర్, బేకర్స్‌ఫీల్డ్ వైపు మనవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు, అందరి అమ్మానాన్నలు ఆర్నెల్లు వచ్చి వెళ్తారు. వెనక్కి వెళ్ళాక ఏ జబ్బు చేసినా డాక్టర్‌కి "అమెరికాలో ఫలానా చోట ఉండి వచ్చాం" అని చెప్పించండి. మా వాళ్ళని ఎవరూ అడగలేదు, వీళ్ళూ చెప్పలేదు.

మైక్రోమేడమ్ | సోమవారం మధ్యాహ్నం 1:15

వాసు గారూ, ఆ మాట ల్యాబుకి కూడా చెప్పాలి, ఇది నా స్వార్థం కొద్దీ చెప్తున్నా. కాక్సిడియాయిడిస్ కల్చర్ ప్లేట్‌లో పెరిగాక మూత తీస్తే దాని బీజాలు గాల్లోకి లేస్తాయి, పీల్చిన ల్యాబు మనిషికి జబ్బు వస్తుంది. ప్రపంచంలో ల్యాబు సిబ్బందికి ప్రమాదమైన ఫంగస్‌ల్లో ఇది మొదటి వరసలో ఉంటుంది. మన దగ్గర ఎవరూ దాన్ని ఊహించరు కదా, మామూలు బూజే అనుకుని టేబుల్ మీదే తెరుస్తారు. ఫారం మీద "ఆరిజోనా నుంచి వచ్చారు" అని ఒక్క ముక్క రాస్తే మేం సేఫ్టీ క్యాబినెట్‌లో తెరుస్తాం.

టీబీ అని పొరబడేది ఇదొక్కటే కాదు, హిస్టోప్లాస్మా కూడా అంతే. పక్షుల, గబ్బిలాల రెట్టలున్న మట్టిలో ఉంటుంది, మన దేశంలో గంగా తీరం వైపు ఎక్కువ. అడ్రినల్ గ్రంథులు రెండూ వాచి, బరువు తగ్గి, నీరసంతో వస్తారు, టీబీ మందులు మింగుతూ ఉంటారు. ఇదే అడాలిముమాబ్ తరహా ఇంజెక్షన్ల మీద అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే హిస్టో, కాక్సీ లాంటి ఫంగస్‌ల గురించి గట్టి హెచ్చరిక పెట్టించింది, అవి వాడేవాళ్ళలో వీటిని టైముకి గుర్తుపట్టక చనిపోయినవాళ్ళు ఉన్నారని.

ఏఆర్‌టీ_అక్క | సోమవారం సాయంత్రం 4:48

నేను ఏఆర్‌టీ సెంటర్ల (హెచ్‌ఐవీ మందులిచ్చే కాడ) కౌన్సెలర్‌ని, వరంగల్ దిక్కు. మా దగ్గర భయపడేది క్రిప్టోకాకస్‌కి, మెదడుకి ఎక్కే ఫంగస్ అది. హెచ్‌ఐవీ ఉండి మందులు ఇడిసిపెట్టినోళ్ళకి సీడీ4 (రోగాలతోని కొట్లాడే తెల్లకణాల లెక్క) వందలోపు పడిపోతది, తలనొప్పి అంటరు, వారాలకొద్దీ తలనొప్పి, జొరం పెద్దగ ఉండది, మెడ కూడా పట్టెయ్యది ఒక్కోపారి. పారాసెటమాల్ ఏసుకుంట తిరుగుతరు. ఒకనాడు చూపు మసకబారుతది, సోయి తప్పుతది, అప్పుడు తీస్కొస్తరు. గందుకే సీడీ4 తక్కువున్నోళ్ళకి తలనొప్పి లేకున్నా రక్తంల క్రిప్టో యాంటిజెన్ పరీక్ష చెయ్యాలె అంటరు, చిన్న పట్టీ మీద జెరసేపట్ల తెలుస్తది, జబ్బు మెదడుకి ఎక్కకముందే పట్టుకోవచ్చు.

ఇంకొకటి, వెన్నుల నీరు తీస్తమంటే మనోళ్ళు అస్సలు ఒప్పుకోరు, నడుము పడిపోతదని. ఈ జబ్బుల మెదడు చుట్టూ ప్రెజర్ పెరుగుతది, ఆ నీరు తీసుడు పరీక్షకే కాదు, అదే ఒక వైద్యం. తీసినంక తలనొప్పి అప్పటికప్పుడు తగ్గి లేసి కూసున్నోళ్ళని సూసిన. వద్దని సంతకం పెట్టి తీస్కపోయినోళ్ళని గూడ సూసిన, మళ్ళ రాలే.

రవి_కూకట్‌పల్లి | సోమవారం రాత్రి 8:05

ట్రాన్స్‌ప్లాంట్ వాళ్ళకి కూడా వస్తుందా అక్కా ఈ క్రిప్టో? మా అపార్ట్‌మెంట్ బాల్కనీ నిండా పావురాల రెట్టలే, అత్తకి లివర్ మార్పిడి అయింది.

ఏఆర్‌టీ_అక్క | సోమవారం రాత్రి 8:20

వస్తది తమ్మీ, పావురాల రెట్టలల్ల ఈ ఫంగస్ ఉంటది. రెట్టలు అత్తతోని కడిగించకున్రి. ఎండినయి ఊడ్చుడు అసలే వద్దు, దుమ్ము లేస్తది, నీళ్ళు పోసి తడిపి మాస్కు పెట్టుకుని ఇంకొకరు కడగాలె, బాల్కనీకి జాలీ కొట్టియ్యిన్రి.

గుంటూరు_రాధిక | సోమవారం రాత్రి 9:33

మా బాబాయికి బ్లడ్ కేన్సర్, ఏఎంఎల్. మొదటి కీమో తర్వాత తెల్లకణాలు దాదాపు సున్నాకి పడిపోయాయి. జ్వరం మొదలై ఎన్ని యాంటీబయాటిక్‌లు మార్చినా దిగలేదు, కాళ్ళ మీద చేతుల మీద ఎర్రటి కురుపులు, ముట్టుకుంటే అరిచేవాడు, రెండ్రోజుల్లో వాటి మధ్యలో నల్లగా అయిపోయింది. బ్లడ్ కల్చర్‌లో ఫ్యుసేరియం అనే ఫంగస్ వచ్చింది. ఈ పేరు అగ్రికల్చర్ బీఎస్సీ చదివిన మా తమ్ముడికి తెలుసు, అరటికీ కందికీ ఎండు తెగులు తెచ్చేది అదేగా అక్కా మనిషికెలా వస్తుంది అన్నాడు.

డాక్టర్ గారు మొత్తం ఒళ్ళు చూసి కాలి బొటనవేలు గోరు దగ్గర ఆగారు. బాబాయికి ఏళ్ళ తరబడి ఆ గోరు పచ్చగా దళసరిగా పుచ్చిపోయి ఉంది, ఎవరం జబ్బుగా కూడా చూడలేదు. అక్కడినుంచి రక్తంలోకి వెళ్ళి ఉంటుందని ఆయన అనుమానం. వొరికొనజోల్, లైపోసోమల్ యాంఫోటెరిసిన్ రెండూ ఎక్కించారు. మందులు ఎన్ని పెట్టినా తెల్లకణాలు తిరిగి లేస్తేనే మనిషి బతుకుతాడు అని ముందే చెప్పేశారు, రోజూ పొద్దున సీబీపీ (రక్తకణాల లెక్క) రిపోర్టు కోసం అందరం కళ్ళు కాయలు కాచేలా చూసేవాళ్ళం. లేచాయి. అయినా తర్వాతి కీమోకి చాలా ఆలస్యమైంది. కీమోకి ముందు గోళ్ళు, పళ్ళు ఒకసారి చూపించుకోండి, మాకు ఎవరూ చెప్పలేదు.

మైక్రోమేడమ్ | సోమవారం రాత్రి 10:11

రాధిక గారూ, మీ డాక్టర్ గారికి నా నమస్కారాలు, గోరు దాకా వెళ్ళి చూసేవాళ్ళు తక్కువ. ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్ ఊపిరితిత్తుల్లో ఎంత ఉన్నా బ్లడ్ కల్చర్‌లో దాదాపు పెరగదు, ఫ్యుసేరియం మాత్రం పెరుగుతుంది, అందుకే మీకు త్వరగా తెలిసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 అక్టోబర్‌లో మొదటిసారి 19 ఫంగస్‌లతో ముఖ్యమైన వాటి జాబితా వేసింది, క్రిప్టోకాకస్, క్యాండిడా ఆరిస్, ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్, క్యాండిడా ఆల్బికాన్స్ ఈ నాలుగూ అన్నిటికంటే పై మెట్టులో, ఫ్యుసేరియం, హిస్టోప్లాస్మా, మ్యూకర్ గుంపు దాని కింది మెట్టులో. కవిటి కుర్రోడి నల్ల గుంపుకి మాత్రం విడిగా చోటు దొరకలేదు.

కోఠి_నుంచి_శ్రీను | సోమవారం రాత్రి 11:02

2021ల మా బావకి మ్యూకర్. షుగర్, కరోనా, స్టిరాయిడ్లు మూడు కలిసినయ్. కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రిల ఆపరేషన్ అయింది, ఎడమ కన్ను తీసేసిర్రు, మనిషి దక్కిండు. అప్పుడు యాంఫోటెరిసిన్ కోసం తిరగని జాగ లేదు. మేడమ్ ఒక డౌటు, అప్పుడు ఎవరో వొరికొనజోల్ దొరుకుతది అదన్న ఎక్కిద్దాం అన్నరు, మా డాక్టర్ వద్దన్నడు. ఎందుకు? అది కూడా ఫంగస్ మందే కదా?

మందులషాపు_మూర్తి | మంగళవారం ఉదయం 7:30

నేను చెప్తా. వొరికొనజోల్ మ్యూకర్ మీద పని చెయ్యదు. ఆస్పర్‌జిల్లస్‌కి అదే మొదటి మందు, మ్యూకర్‌కి యాంఫోటెరిసిన్, తర్వాత పోసాకొనజోల్ లేదా ఇసావుకొనజోల్. అందుకే మేడమ్ పేరు పేరు అని కొట్టుకునేది. యాంఫోటెరిసిన్ పాత రకం చవక, లైపోసోమల్ రకం ఖరీదు, పాతది కిడ్నీని బాగా దెబ్బ తీస్తుంది, పొటాషియం పడగొడుతుంది, మార్పిడి చేసిన కిడ్నీ ఉన్నవాళ్ళకి అందుకే లైపోసోమల్ అడుగుతారు. అది ఎక్కించేది డెక్స్‌ట్రోజ్‌లోనే (గ్లూకోజ్ నీళ్ళు), అదే సెలైన్‌లో (ఉప్పు నీళ్ళు) కలిపితే విరిగిపోతుంది, ఆ మాట నర్సులకి తెలుసు గానీ మీరు కూడా గుర్తుంచుకోండి.

కవిటి_కుర్రోడు | బుధవారం రాత్రి 9:15

అందరికీ పేరుపేరునా దండాలు. టాక్రో లెవెల్ 24 వచ్చింది, మామూలుగా మాకు 6, 7 ఉండేది. క్రియాటినిన్ 1.9. డాక్టర్ గారు అడ్మిట్ చేసి టాక్రో రెండు పూటలు ఆపి, తర్వాత డోసు బాగా తగ్గించారు, రోజు విడిచి రోజు లెవెల్ చూస్తన్నారు. ఇట్రా ఆపలేదు. వణుకు చాలా తగ్గింది, నిన్న రాత్రి పడుకున్నాడు.

మూర్తి గారూ, గ్యాస్ బిళ్ళ (పాంటోప్రజోల్) కూడా పరగడుపున వేసుకుంటన్నాడు, అది ఇట్రాతో పడదు అన్నారు, నిజమేనా? అల్ట్రాసౌండ్‌లో కుట్ల కింద చిన్న సంచిలాగ ఇంకా మిగిలుంది అంట.

మందులషాపు_మూర్తి | బుధవారం రాత్రి 9:40

నిజమే. ఇట్రా క్యాప్సూల్ ఒంటికి పట్టాలంటే కడుపులో యాసిడ్ ఉండాలి, గ్యాస్ బిళ్ళ ఆ యాసిడ్‌నే తీసేస్తుంది, అందుకని క్యాప్సూల్ కడుపు నిండా అన్నం తిన్నాక వేసుకోవాలి. సిరప్ రకమైతే దానికి ఉల్టా, ఖాళీ కడుపు మీద. గ్యాస్ బిళ్ళ ఆపాలా మార్చాలా వాళ్ళనే అడగండి, స్టిరాయిడ్ వాడే మనిషి కాబట్టి ఊరికే ఆపేయకూడదు. బ్రాండు మాటిమాటికి మార్చకండి, అందరి క్యాప్సూళ్ళూ ఒకేలా ఒంటికి పట్టవు. కొలెస్ట్రాల్ బిళ్ళ, బీపీకి ఆమ్లోడిపిన్ ఉంటే అవి కూడా చూపించండి, ఇట్రాతో వాటి డోసూ మారాలి.

అన్నిటికంటే ముఖ్యం, రేపు ఎప్పుడో ఇట్రా కోర్సు అయిపోయిన రోజు. ఆపిన కొద్ది రోజులకి ఆ ఎంజైమ్ మళ్ళీ లేస్తుంది, తగ్గించిన టాక్రో డోసు అప్పుడు చాలదు, లెవెల్ పడిపోయి రిజెక్షన్ వస్తుంది, అంటే ఒళ్ళు కొత్త కిడ్నీని తోసేస్తుంది. ఫంగస్ తగ్గిందని సంతోషంలో ఉండి ఇది మర్చిపోయినవాళ్ళని చూశాను. ఆపేటప్పుడు కూడా ఫోన్ కొట్టాలి.

మైక్రోమేడమ్ | బుధవారం రాత్రి 10:05

సంచి మిగిలిందా, సూదితో లాగించండి. స్టెరైల్ డబ్బా, ఫార్మలిన్ వద్దు, ఫారం మీద "కిడ్నీ మార్పిడి, ఫంగల్ కల్చర్, నాలుగు వారాలు ఉంచండి" అని రాయించండి. లేకపోతే కొన్ని చోట్ల రెండ్రోజులు చూసి ఏమీ పెరగలేదు అని పారేస్తారు, ఇవి నిదానంగా పెరిగే రకాలు.

కవిటి_కుర్రోడు | నెల తర్వాత, శుక్రవారం రాత్రి 8:50

అప్‌డేట్. చీము లాగి పంపారు, అప్పుడే మైక్రోస్కోప్‌లో గోధుమ రంగు దారాలు కనపడ్డాయి అన్నారు. కల్చర్‌లో బూడిద రంగు బూజు పెరిగింది, బీజాలు పెట్టకపోవడంతో చూసి పేరు చెప్పలేం అని జీన్ పరీక్షకి పంపితే మేడమ్ మొదట్లో చెప్పిన మెడికాప్సిస్ రోమెరోయే అని వచ్చింది. మిగిలిన సంచిని వైజాగ్‌లో మళ్ళీ కోసి మొత్తం తీసేశారు, ఈసారి రెండు డబ్బాలు పెట్టారు, నేను అడక్కముందే. క్రియాటినిన్ 1.3. ఇట్రా ఇంకా కొన్ని నెలలు అన్నారు, లివర్ టెస్టు కూడా చేస్తన్నారు. తోటలోకి బూట్లు, గ్లౌజులు లేకుండా వెళ్ళనివ్వట్లేదు, తిడతన్నాడు గానీ వేసుకుంటన్నాడు.

వజ్రపుకొత్తూరు_లక్ష్మి | శుక్రవారం రాత్రి 9:21

కవిటి తమ్ముడూ, మాదీ మీ పక్కే, మా ఆయనకి ట్రాన్స్‌ప్లాంట్ అయ్యి కొన్ని నెలలే. ఆయనకి మోచేతి మీద చిన్న కాయలాగ ఉంది, నొప్పి లేదు. మీ పోస్టు చదివాక భయమేస్తంది. టాక్రో టెస్టు కోసం ప్రతిసారీ వైజాగ్ వెళ్ళాల్సిందేనా, మన వైపు ఎక్కడన్నా చేస్తారా?

కవిటి_కుర్రోడు | శుక్రవారం రాత్రి 9:34

టెస్టు ఇక్కడ చెయ్యరు అక్కా, కానీ టౌన్లో పెద్ద ల్యాబుల కలెక్షన్ సెంటర్లు రక్తం తీసి పంపుతాయి. ఊదా మూత ట్యూబులో తియ్యాలి, మామూలు ఎర్ర మూత దాంట్లో కాదు, వాళ్ళని ముందే అడగండి. రిపోర్టు ఫోన్‌కి వస్తది, అది నెఫ్రాలజీ వాట్సాప్‌కి పంపితే చాలు. మోచేతి కాయ మాత్రం ఎవరితోనూ సూది గుచ్చించకండి, ముందు ఫొటో తీసి మీ కోఆర్డినేటర్‌కి పెట్టండి. ఎక్కడ చేయించుకున్నారు మీరు, వైజాగేనా హైదరాబాదా?